మరోసారి చూడాలి

ప్లేటులో ఆమె వరస నీళ్లలా ఉంది.

పక్క వరసలన్నీ పచ్చబడ్డాయి. రక్తం పరీక్షించే ఆ ప్లేటులో కొన్ని గుంటలు పండు నిమ్మకాయ రంగులో, కొన్ని ఎండుగడ్డి రంగులో. కీళ్లు పట్టేసి మనిషిని వంచేసే వంగుడు జ్వరం ఒకసారి వచ్చి తగ్గినవాళ్ల రక్తంలో దానికి విరుగుడు తయారై ఉంటుంది. విరుగుడు ఎంత ఉంటే గుంటలో రంగు అంత తేలుతుంది. అతను ప్లేటును రెండు వేళ్లతో అంచులు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. అంకెలు చెప్పే యంత్రం పక్కనే ఉంది. అయినా ముందు కంటితో చూసుకోవడం అతని అలవాటు. ఎటు వంచి చూసినా ఆ వరసలో రంగు లేదు.

ఇది ఆమె పోయిన విడతలో ఇచ్చిన రక్తం. అంతకు ముందు రెండు విడతలవీ ఇలాగే తేలాయి. రెండు విడతలు వరసగా రంగు రాకపోతే ఆ దాతకు దండం పెట్టి, ఇక రానక్కర్లేదని చెప్పి పంపెయ్యాలి. ఆ నియమం రాసింది అతనే. టీకా పనికి ఉపయోగపడని రక్తం కోసం మనిషిని గుచ్చకూడదని నలుగురి ముందూ వాదించి మరీ రాశాడు. ఆమె ఫలితం పక్కన మాత్రం రెండుసార్లూ ‘మరోసారి చూడాలి’ అని పెట్టాడు. అది అబద్ధమని ఎవరూ అనలేరు. చుక్కలు కొలిచి వదిలే పిపెట్ జారొచ్చు. ప్లేటు సరిగ్గా కడక్కపోవచ్చు. కానీ తన పిపెట్ జారదని అతనికి తెలుసు.

ఆమె ఒకప్పుడు అతని భార్య. ఆ సంగతి ఈ భవనంలో రక్తం తీసే నర్సుకు తప్ప ఎవరికీ తెలియదు. ఇక్కడ దాతలకు పేర్లుండవు, ట్యూబు మీద నంబరే ఉంటుంది.

“ఏమిటలా చూస్తున్నావు? గుంటలో ఏమన్నా పడిపోయిందా?”

పెద్ద మేడం వెనకనుంచి వచ్చి నిలబడింది. ప్రయోగశాల మొత్తానికి ఆవిడే అధిపతి. చెప్పుల చప్పుడు వినపడకుండా నడవడం ఆవిడ ప్రత్యేకత అని కుర్రకారు చెప్పుకుంటారు. అతని భుజం మీదుగా ప్లేటు చూసి, పాలిపోయిన వరస మీద వేలు ఆడించింది.

“ఈ దాతని ఇంకా ఎందుకు పిలుస్తున్నాం?”

“విరుగుడు తగ్గినా జ్ఞాపక కణాలు మిగిలి ఉండొచ్చు మేడం” అన్నాడు. నోటికొచ్చిన మాట అది. ఒకసారి పోరాడిన ఒంట్లో కొన్ని కణాలు శత్రువు ముఖం గుర్తుపెట్టుకుని, పని లేనప్పుడు ముడుచుకుని పడుకుంటాయి. మళ్లీ అదే శత్రువు గడప తొక్కితే లేచి విరుగుడు తయారుచేస్తాయి. పుస్తకాల్లో ఉన్నదే. ఈ జ్వరం విషయంలో మాత్రం ఎవరూ గట్టిగా చూసింది లేదు.

మేడం ప్లేటు మీదికి మరోసారి వంగింది. “చూడదగ్గదే. కానీ దానికి మామూలుగా తీసే రెండు ట్యూబులు చాలవు. ఎనిమిది కావాలి. ఇస్తుందా ఆవిడ?”

“ఇస్తుంది.”

“అడక్కుండానే చెప్పేస్తున్నావే.”

అతను కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నాడు. “అడుగుతాను మేడం.”

దాతలకు ఫోన్లు చేసే పని అతనిదే. మిగతావాళ్లకు బల్ల దగ్గర కూర్చునే చేశాడు. ఆమెకు మాత్రం మెట్ల మీదికి వెళ్లి చేశాడు.

“చెప్పండి” అంది ఆమె.

ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమెకు అతను ‘నువ్వు’. విడాకుల కాగితాల మీద సంతకాలైన మర్నాటి నుంచి ‘మీరు’ అయ్యాడు. మూడేళ్లయినా ఆ మర్యాద అతనికి అలవాటు కాలేదు. తనేమో ఆమెను ‘మీరు’ అనలేడు, ‘నువ్వు’ అనే హక్కు ఉందో లేదో తెలియదు. అందుకని రెండూ తగలకుండా గోడ మీద పిల్లిలా మాట్లాడతాడు.

“గురువారం రావాలి. ఈసారి కాస్త ఎక్కువ తీసుకోవాల్సొస్తుంది. ఎనిమిది ట్యూబులు.”

అవతల అద్దాలు అరగదీసే చక్రం తిరుగుతున్న చప్పుడు. అది ఆగింది. ఆమె ఒక కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది.

“పోయినసారి రెండింటికే సిస్టర్ నన్ను మంచం మీద పడుకోబెట్టారు” అంది. “సరే, అవసరమైతే తీసుకోండి. అవసరమే కదా?”

“అవసరమే” అన్నాడు.

బుధవారం సాయంత్రం ఇంట్లో అతను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. తల్లి కుర్చీలో కూర్చుని, మోకాళ్లకు మందు రాసుకుంటూ చూస్తోంది.

“రేపా?” అంది.

“ఏం రేపు?”

“ఆర్నెల్లకోసారి నువ్వు చొక్కా ఇస్త్రీ చేసుకుంటావు. మిగతా రోజులన్నీ కుక్క నోట్లోంచి లాక్కున్న గుడ్డలే కదరా తొడుక్కుపోయేది. రేపు కోడలొస్తోందన్నమాట.”

“కోడలేంటమ్మా ఇంకా.”

“నీకు పెళ్లాం కాదన్నాడు జడ్జీ. నాకు కోడలు కాదని ఎవడన్నాడు?”

అతను నవ్వాడు. ఇస్త్రీపెట్టెను కాలరు మీద మెల్లగా జరిపాడు. మందు వాసన గదంతా నిండింది. తల్లి చేతులు తుడుచుకుని, ఇంకేదో చెప్పడానికి లేవబోయి, లేవలేక అక్కడే ఉండిపోయింది.

“ఆ పిల్ల అసలే పుల్లలా ఉంటుంది. నీకు చూడాలనుంటే వెళ్లి చూడరాదూ? ఫోను చేసి ఎలా ఉన్నావని అడగరాదూ? నాలుగు మాటలాడ్డానికి సూది గుచ్చి పిలవాలా?”

“అది నా పనమ్మా.”

“పనే లేరా. కాపురం చేసినన్నాళ్లూ పనే.”

గురువారం ఆమె చెప్పిన టైముకే వచ్చింది. భుజాన గుడ్డ సంచి, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు. వేళ్ల చివర్లలో అద్దాల పొడి తెల్లగా ఇంకి ఉంది. అతను మసక గాజు తలుపు వెనక నిలబడ్డాడు. అతను ఎదురుగా నిలబడితే తనకు పని సాగదని నర్సు ఎప్పుడో చెప్పేసింది. గాజు పైసగం మసక, కిందిసగం మామూలే. వంగితే ఆమె మోచేతి నుంచి పాదాల దాకా కనిపిస్తుంది.

కుడిచేతిలో నరం దొరకలేదు. నర్సు తట్టింది, రుద్దింది, గుచ్చింది, తీసేసింది. “సన్నబడిపోయావమ్మా” అంటూ ఎడమచెయ్యి తీసుకుంది. ఈసారి దొరికింది. ట్యూబులు ఒకటొకటే నిండుతున్నాయి. సగం అయ్యాక ధార సన్నగిల్లింది. “పిడికిలి బిగించమ్మా, వదులు, మళ్లీ బిగించు” అంటోంది నర్సు. ఆమె పాదాలు ఒకదాన్నొకటి నొక్కుకున్నాయి.

“సిస్టర్, నాది బాగా పనికొస్తోందా?”

నర్సు మసక గాజు వైపు ఒకసారి చూసింది. “అవి నాకు చెప్పరమ్మా. డాక్టరుగారినే అడగాలి.”

అంతా అయ్యాక అతను బిస్కెట్లు, పళ్లరసం పట్టుకుని బయటికొచ్చాడు. ఆమె పక్కన ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. ఆమె దూది నొక్కి పట్టుకుని అతని ముఖంలోకి చూసింది.

“కళ్లజోడు ఒక పక్కకి వాలింది. ఇటివ్వండి.”

తీసిచ్చాడు. ఆమె దూది మోచేతి మడతలో ఇరికించుకుని, చెవి మీద ఆనే ఫ్రేము కొమ్మను రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి మెల్లగా వంచింది. ఎత్తి చూసింది, ఇంకాస్త వంచింది. కళ్లజోడు లేకపోతే అతనికి జానెడు దూరంలో మనిషి కూడా పొగలా కనిపిస్తుంది. ఆ పొగ ఇంతకు ముందు తలగడ మీద ఉండేది. ముఖానికి పెడుతుందేమోనని అతను కాస్త ముందుకు వంగాడు. ఆమె దాన్ని మధ్య కుర్చీలో పెట్టింది.

“మా ఓనరు సముద్రం ఒడ్డున ఇంకో షాపు తెరుస్తున్నాడు” అంది. “నన్నే చూసుకోమంటున్నాడు. షాపంతా నాకే అప్పగిస్తాడట. పోయిన ఏడాదే అడిగాడు.”

“మరి?”

“ఇది ఉంది కదా.” దూది ఉన్న చెయ్యి కొద్దిగా ఎత్తింది. “రోజంతా రైల్లో ప్రయాణం. అక్కడికి వెళితే మాటిమాటికీ రాలేను. నాలాంటి రక్తం పట్టుమని ఇరవై మందికి కూడా లేదని మీరే అన్నారు. పసిపిల్లలకి టీకా వస్తుందంటే షాపుదేముంది, ఏడాది ఆగుతుందిలే అనుకున్నాను. ఆగాడు పాపం. ఈ నెలాఖరుకి తేల్చకపోతే ఇంకొకరిని చూసుకుంటాడట. ఇంకెన్నాళ్లు పడుతుంది?”

ఇక రానక్కర్లేదని చెప్పాల్సింది ఇప్పుడే. అతను పళ్లరసం ఆమె వైపు జరిపాడు.

“ఈ పరీక్ష అయ్యాక చెబుతాను.”

ఆమె తలూపి లేచింది. లేవగానే మోకాళ్లు మడతపడ్డాయి. అతను మోచెయ్యి పట్టుకున్నాడు. ఎముక మీద చర్మం తప్ప ఏమీ లేదు. అయినా పట్టుకున్న చెయ్యి సంతోషించింది. ఆ సంతోషం తెలిసి అతను సిగ్గుతో చచ్చిపోయాడు. కాళ్లు నిలదొక్కుకున్నాక ఆమె మోచెయ్యి వెనక్కి తీసుకుని, “థాంక్సండి” అంది.

ఆమె కణాలను వేరుచేసి, చంపిన వైరస్ ముక్కలతో కలిపి, వెచ్చని పెట్టెలో పెట్టాడు. అవి పడుకున్నవైతే ఇప్పుడు లేచి పని మొదలెట్టాలి. దానికి రోజులు పడుతుంది. రోజూ వెళ్లి పెట్టె మీది వేడిమి అంకె చూసేవాడు, తలుపు మాత్రం తీసేవాడు కాదు. తీస్తే చల్లబడతాయి. ఏమీ లేకపోతే బాగుండునని ఒక పూట అనుకునేవాడు. అప్పుడు వెళ్లి, ఇక రానక్కర్లేదని చెప్పెయ్యొచ్చు, మిగతాదేమీ చెప్పనక్కర్లేదు. ఇంకో పూట ఉంటే బాగుండుననుకునేవాడు. ఆ అనుకోవడంలో టీకా ఎంత, తను ఎంత అని విడదీయలేకపోయాడు.

మరుసటి బుధవారం గుంటల అడుగున కణాలు కూర్చున్న పొర కడిగి, రంగు వేసి, ఆరబెట్టి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. విరుగుడు తయారుచేసిన ఒక్కో కణం తన చోట ఒక్కో నీలి చుక్క వదులుతుంది. వైరస్ ముక్కలు కలపకుండా, పోల్చి చూసుకోవడానికి పెట్టిన గుంట తెల్లగా ఉంది. దాని పక్క గుంటలోకి జరిపాడు.

దుమ్ము నేల మీద తొలివాన పడ్డట్టుంది. చుక్క పక్కన చుక్క, కొన్నిచోట్ల ఒకదాని మీదొకటి. లెక్కపెట్టడం మొదలెట్టి ఆపేశాడు. ఆమె రక్తంలో రంగు పోయింది కానీ జ్ఞాపకం పోలేదు. అది ఎంత గట్టిగా ఉందో ప్రపంచంలో మొదట చూసింది తనే, అదీ ఒక దొంగ సాకు పుణ్యాన.

మేడం చాలాసేపు కన్ను తియ్యలేదు. తీశాక కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ప్రయోగాల్లో టీకా వేశాక రంగు తగ్గగానే దాని పని అయిపోయిందనుకుంటున్నాం. మళ్లీ మళ్లీ వేస్తున్నాం. మనం చూడాల్సింది ఇది కదా. పాత దాతలందరినీ మళ్లీ పిలుద్దాం. ఈవిణ్ని మాత్రం వదలొద్దు. మూడు నెలలకోసారి రప్పించు.”

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ఇక సాకు అక్కర్లేదు. ఆర్నెల్లు మూడు నెలలైంది. అతను ఖాళీ ట్యూబును చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. నెలాఖరు దగ్గర్లోనే ఉంది. ట్యూబు బల్ల మీద పెట్టి, కోటు విప్పి, కళ్లజోళ్ల దుకాణానికి నడిచాడు.

దుకాణంలో ఒక ముసలాయన కొత్త కళ్లజోడు పెట్టుకుని, గోడ మీది అక్షరాలు పెద్దగా చదువుతూ, చదవగలిగినందుకు తనని తనే మెచ్చుకుంటున్నాడు. ఆయన వెళ్లేదాకా అతను గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఆమె వేడి ఇసుక పెట్టెలో ఒక ఫ్రేము కొమ్మను గుచ్చుతూ, “రిజల్ట్ వచ్చిందా?” అంది.

“వచ్చింది. దానికన్నా ముందు ఇంకోటి చెప్పాలి. పోయిన రెండుసార్లూ నిన్ను పిలవాల్సిన అవసరం లేదు.”

“అంటే?”

“నీ రక్తంలో రంగు ఎప్పుడో పోయింది. మొదటిసారి పోయినప్పుడు ఇంకోసారి చూడటం వరకూ న్యాయమే. తర్వాత నీకు చెప్పి పంపించెయ్యాలి. పంపలేదు. ఈ ఎనిమిది ట్యూబులు కూడా, మేడం అడిగితే తప్పించుకోడానికి ఏదో చెప్పాను.”

“ఎందుకు?”

అతను కళ్లజోడు సరిచేసుకున్నాడు.

“ఎందుకని అడుగుతున్నా.”

“నువ్వు వస్తావని.”

ఆమె ఇసుకలోంచి ఫ్రేము లాగింది. ఎక్కువసేపు ఉండిపోయింది, కొమ్మ మెత్తబడి కిందికి వేలాడింది. దాన్ని చూసి, బల్ల మీద ఒక పక్కగా పెట్టింది.

“నువ్వు మారలేదు” అంది.

మూడేళ్లుగా అతను ఎదురుచూసిన పిలుపు అది. ఇలా వచ్చింది.

“జ్వరంలో నేను మంచాన పడుంటే నువ్వు నా చెయ్యి పట్టుకోలేదు, చార్టు పట్టుకున్నావు. అప్పుడు నీకు నా రక్తమే కావాల్సొచ్చింది, నేను కాదు. ఇప్పుడు నేను కావాల్సొచ్చి రక్తం తీశావు. ఎటొచ్చీ సూది నాకే.” ఆమె గొంతు పెరగలేదు. “ఒక ఏడాది ఆపాను ఆ షాపు.”

“నాకు తెలీదు.”

“అడిగితే తెలిసేది. ఒకసారి కలుద్దామా అని ఫోను చేస్తే నీ సొమ్మేం పోయేది?”

“రానంటావని.”

“అనేదాన్నే.” ఆగింది. “అనేదాన్నేమో. కానీ అది నేను అనాల్సిన మాట. నా తరఫున నువ్వే అనేసుకుని, నా చేతులకి చిల్లులు పెట్టావు.”

బయట ఎవరో గాజులోంచి ఫ్రేములు చూసి వెళ్లిపోయారు. ఆమె గుడ్డ తీసుకుని, తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది.

“రిజల్ట్ ఏమిటి?”

చెప్పాడు. చుక్కల గురించి, మేడం అన్నదాని గురించి. “ఇప్పుడు నిజంగానే కావాలి. నువ్వు రానన్నా ఎవరూ ఏమీ అనరు. నేనైతే అసలే అనను. ఆ షాపుకి వెళ్లు.”

“వెళ్లమని నువ్వు చెప్పక్కర్లేదు.” గుడ్డ మడతపెట్టింది. “పిల్లలకి పనికొస్తుందా? నిజంగా?”

“వస్తుంది.”

“నీ మాట మీద కాదు. మీ మేడం చెప్పాలి. ముందు ఈ సంగతంతా ఆవిడకి నువ్వే చెప్పు, ఒక్క ముక్క దాచకుండా. అంతా విన్నాక ఆవిడ నన్ను అడిగితే అప్పుడు ఆలోచిస్తాను.” వేలాడుతున్న ఫ్రేమును చేతిలోకి తీసుకుంది. “ఇక బయల్దేరండి. దీన్ని సరిచెయ్యాలి.”

మర్నాడు పొద్దున మేడం గది తలుపు వేసి అంతా చెప్పాడు. విన్నాక ఆవిడ కళ్లు నులుముకుంది.

“నీ సంసారం నీ తలనొప్పి. ఆ గుచ్చిన సూదులు నా తలనొప్పి. ఇది దాతల బాగోగులు చూసే కమిటీకి రాస్తాను, ఏమంటారో పడాలి. ఇవాళ్టినుంచి ఫోన్లు నర్సు చేస్తుంది. నంబర్లన్నీ మారుస్తాను. ఏ ట్యూబు ఎవరిదో నీకు తెలియకూడదు. ఆవిడ ఒప్పుకుందో లేదో కూడా తెలియకూడదు.”

“సరే మేడం.”

“పంపించెయ్యాలి నిన్ను. కణాలు పాడుకాకుండా విడదీసే చెయ్యి ఇంకోటి లేదు ఇక్కడ. అదొక్కటే నీ అదృష్టం.”

ఇంట్లో తల్లికి ఒకటే చెప్పాడు. ఆమె సముద్రం ఒడ్డున ఊరికి వెళ్లిపోతోందని. తల్లి మోకాళ్ల మందు మూత తీసి, రాసుకోకుండానే మళ్లీ పెట్టేసింది. “మంచి పని చేసింది” అంది చివరికి. మరి కాసేపటికి, “అక్కడ గాలికి కాస్త ఒళ్లు చేస్తుందేమో” అంది.

కమిటీ అతన్ని పిలిచి కూర్చోబెట్టి మందలించింది. ఆ ఏడాది రావాల్సిన పదోన్నతి రాలేదు. ఎవరూ కారణం అడగలేదు, అతనూ చెప్పలేదు. పాత దాతలు ఉన్న ఊళ్లలోనే ఆసుపత్రుల్లో రక్తం ఇచ్చేలా మేడం ఏర్పాటు చేసింది.

ఎండలు ముదిరిన ఒక పొద్దున రైలు పార్సిళ్లు వచ్చాయి. నర్సు పెట్టెలు తెచ్చి బల్ల మీద పేర్చింది. ఏ ఊరి నుంచి వచ్చాయో చెప్పే చీటీలు ముందే చించేసి ఉన్నాయి. అతను నర్సు ముఖంలోకి చూడబోయి మానుకున్నాడు. ఆవిడ కూడా వెంటనే వెళ్లిపోయింది.

బతికున్న కణాలు కావాలంటే రక్తాన్ని మంచులో పెట్టి పంపకూడదు. ట్యూబులు చల్లగా లేవు, వెచ్చగానూ లేవు. అన్నిటి మీదా కొత్త నంబర్లు. అన్నీ ఒకే ఎరుపు. వాటిలో ఆమెది ఉండొచ్చు. లేకపోవచ్చు. ఒకటి ఎత్తి కిటికీ వైపు పట్టుకున్నాడు, దించాడు, ఇంకోటి ఎత్తలేదు.

“ఇన్ని ఉన్నాయి కదా సర్, సగం నేను చెయ్యనా?” అంది పరిశోధక విద్యార్థిని.

“వద్దమ్మా. నేనే చేస్తాను.”

అడుగున కణాలను విడదీసే తేటద్రవం పోసిన ట్యూబును కొద్దిగా వంచి, పిపెట్ కొనను ట్యూబు లోపలి గోడకు ఆనించి, రక్తాన్ని దాని మీదికి వదలాలి. తొందరపడితే రెండూ కలిసిపోతాయి, కణాలు దక్కవు. చేతికి తెలియనంత మెల్లగా బొటనవేలు నొక్కాడు. ఎరుపు గోడ వెంట జారి, తేటనీటి మీద చెదరకుండా పరుచుకుంది. మొదటిది అయింది. రెండోది తీసుకున్నాడు. మామూలుగా నాలుగైదు అయ్యాక చెయ్యి వేగం అందుకుంటుంది. ఇవాళ అందుకోనివ్వలేదు. ఏది ఎవరిదో తెలియదు కనుక ప్రతిదాన్నీ ఆమెదే అన్నట్టు పట్టుకున్నాడు, చివరి ట్యూబు దాకా.